రాచకొండ రాజ్యమున రసశాస్త్రమును రణముకుడుపును

రాచకొండ సింగభూపాలుని పేరు అలంకారశాస్త్రము చదివినవారికి క్రొత్తది కాదు. రసార్ణవసుధాకరకర్తగా నాతడు తెలుగుదేశపు టెల్లలు దాటి ప్రసిద్ధి కెక్కినాడు. ప్రతాపరుద్రీయమునకు రత్నాపణవ్యాఖ్య రచించిన కుమారస్వామి యాతని వాక్యములను ప్రమాణముగా గ్రహించినాడు. 1916వ సంవత్సరమున తిరువనంతపుర సంస్కృత గ్రంథమాలలో గణపతిశాస్త్రిగారు ఆ గ్రంథమును ప్రకటించిన పిమ్మట దూరదేశముల పండితులును దానిని చదివి మెచ్చుకొనిరి. అయితే ఆ గ్రంథము పుట్టిన కొండ యెట్టిది, ఆ కొండ క్రింది పల్లెల బ్రతు కెట్టిది, గ్రంథకర్తయొక్క తండ్రితాత లే విధమున నా రాజ్యమును గడించిరి అను ప్రశ్నలు శాస్త్రపాఠమున పుట్టవు. చరిత్రపాఠమున రణములు వచ్చును గాని రసము రాదు. ఒకే యింటి పెరటిలో మొలిచిన యీ రెంటిని రెండు వేర్వేరు గదులలో బోధించుట మనకు వాడుక యైనది. వానిని ఒక్కచోట నిలిపి చూచుటయే యీ వ్యాసమున నేను తలపెట్టిన పని.

రాచకొండ హైదరాబాదునకు ఆగ్నేయముగా సుమా రరువది కిలోమీటర్ల దూరమున నున్నది. 2016వ సంవత్సరపు జిల్లాల విభజనకు ముందు అది నల్లగొండ జిల్లాలోనిది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. నేటి పట్టణవాసికి రాచకొండ యన్నంతనే రక్షకభటుల కమిషనరేటు స్ఫురించునే గాని రసార్ణవము స్ఫురింపదు. దేవరకొండ యిప్పటికిని నల్లగొండ జిల్లాలోనే యున్నది. ఈ రెండు కోటల నడుమను, వానికి దక్షిణమున కృష్ణవరకును పరచుకొన్న మెట్టనేల నల్లగొండ, పాలమూరు సీమల ప్రాణస్థానము. రాతిగుండ్లు, ఎఱ్ఱమట్టి, ఏటికి 600 మొదలు 750 మిల్లీమీటర్ల వాన. నదు లున్నవి గాని అవి లోతుగా, తమ దారిని తాము పోవునవి. చెఱువు కట్టినచో వరి, కట్టనిచో జొన్న, సజ్జ, ఆరిక. ఇట్టి నేలమీద రాజ్యము నిలుచుట యనగా చెఱువుకట్ట నిలుచుటయే. ఈ మాట పాఠకులు మనసున నుంచుకొనవలెను. దీనితో మరల పని పడును.

రేచెర్ల పద్మనాయకుల మూలస్థానము ఆమనగల్లు. వీరు కాకతీయుల సామంతులై, రుద్రమదేవి కాలమున ప్రసాదిత్యనాయకుడును, ప్రతాపరుద్రుని కాలమున ఎఱదాచానాయకుడును సేనానాయకత్వము నెరపి పేరు వడసిరి. 1323వ సంవత్సరమున ఓరుగల్లు పడిపోగా ఆంధ్రదేశ మెవరికి చేతనైనది వారిది యైనది. అప్పుడు తలయెత్తినవాడు సింగమనాయకుడు. ఇతని మరణకథ వెలుగోటివారి వంశావళియందు విపులముగా నున్నది. ఈ వంశావళిని నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరించి మదరాసు విశ్వవిద్యాలయము పక్షమున 1939లో ప్రకటించిరి. అందలి కథ యిది: సింగమనాయకుని బావ చింతపల్లి సింగమనాయకుని క్షత్రియులు జల్లిపల్లికోటలో చెఱబెట్టిరి. అతనిని విడిపింప సింగమనాయకుడు కోటను ముట్టడించెను. క్షత్రియులు సంధిమాటల నెపమున తమ్మళ బొమ్మజియ్య యనువానిని పంపగా వాడు సింగమనాయకుని పొడిచి చంపెను. ఇది 1361 ప్రాంతమున జరిగినదని చరిత్రకారుల నిర్ణయము.

చచ్చిన సింగమనాయకునికి అనపోతానాయకుడు, మాదానాయకుడు అని యిద్దరు కొడుకులు. వారు జల్లిపల్లిపై నెత్తిపోయి కోటను పట్టి, పెక్కురు క్షత్రియులను వధించి, వారి నెత్తుటితో తండ్రికి తర్పణము చేసి, రణముకుడుపు కావించిరని వంశావళి చెప్పుచున్నది. సోమకులపరశురాముడను బిరుదు ఈ వంశమున కిట్లు సంక్రమించినది. రణముకుడు పనగా యుద్ధభూమియందు శత్రువుల రక్తముతో నన్నము కలిపి మహాకాళికిని భూతగణములకును నివేదించుట.

ఈ మాటనుగూర్చి వైయాకరణుడు కొంత నిలిచి యోచింపక తప్పదు. కుడుచుట యనగా తినుట, త్రాగుట. చు-వర్ణము పు-వర్ణముగా మారి ప్రేరణార్థమున కుడుపు అగును. కుడుచునట్లు చేయుట యని దాని యర్థము. దీనినే నామవాచకముగా వాడినచో పెట్టెడి కూడు, తినిపించెడి తిండి యను నర్థము లేర్పడును. రణమున కుడుపు అని గాని, రణమునకు కుడుపు అని గాని విగ్రహవాక్యము నెట్లు చెప్పుకొన్నను ఇబ్బంది లేదు. ఇబ్బంది వేఱొకచోట నున్నది. తల్లి బిడ్డకు చన్నిచ్చుటను గూడ మన భాషలో కుడుపుట యనియే యందురు. చన్ను కుడుపుట, రణము కుడుపుట: ధాతు వొక్కటే, ప్రత్యయ మొక్కటే. ఇంటి వాకిటిలో నున్న మాటను గైకొని శవముల నడుమకు తీసికొని పోయినవారు ఆ పనిని క్రూరమని తలపలేదు. ఆకొన్నవారికి తిండి పెట్టినట్లే తలచిరి. తండ్రికి తర్పణము, దేవతకు కూడు. పుత్రధర్మ మను పేర, శ్రాద్ధవిధి యను పోలికచేత నది నడచినది. భారతమున భార్గవరాముడు శమంతపంచకమున క్షత్రియరక్తముతో పితృతర్పణము చేసిన కథ వారికి మేలుబంతిగా నుండెను. పురాణమును చదివినవారికే ఆ బిరుదు తోచును, చదువనివారికి తోచదు. ఇచ్చట విద్య క్రౌర్యమునకు అడ్డు పడకుండుటయే గాక దానికొక పేరు పెట్టి గౌరవించినది.

వంశావళి భట్టుకవుల కూర్పు, అతిశయోక్తులకు పుట్టినిల్లు. దాని నెట్లు నమ్ముదుమని కొందరు శంకింపవచ్చును. శంక యుక్తమే. చంపబడినవారెందరు, నెత్తుటితో తర్పణము నిక్కముగా జరిగినదా అను విషయమున నేనును భట్టుకవి మాటపై ప్రమాణము చేయజాలను. కాని భట్టు పొగడుట ప్రభువు మెచ్చుటకే గదా. అవమానకర మనిపించు విషయమును వంశస్తుతిలో చేర్చి బహుమాన మపేక్షించు భట్టు ఎచ్చటను లేడు. కాబట్టి యా పద్యములవలన జరిగినది నిర్ణయము కాకున్నను, కొలువులో వినుటకు ఇంపైన దేదో నిర్ణయమగుచున్నది. మన ప్రశ్నకు అంతమాత్రము చాలును.

అనపోతానాయకుడు రాచకొండను రాజధాని చేసికొనెను; మాదానాయకునికి దేవరకొండ వచ్చెను. 1368 ప్రాంతమున భీమవరపు యుద్ధమున ఓరుగంటి కాపయనాయకుడు అనపోతుని చేతిలో కూలెను. తురకలను వెడలగొట్టి తెలుగునేలను నిలిపిన వీరుడని మన మెవనిని కీర్తింతుమో వానిని చంపినది తెలుగు కత్తియే. మరు సంవత్సరము 1369లో అయినవోలున వేసిన శాసనమున అనపోతుడు ఆంధ్రదేశాధీశ్వరుడైనాడు. దాని రచయిత నాగనాథకవి. ఇతడు విశ్వేశ్వరకవికి శిష్యుడు. ఆ విశ్వేశ్వరుడే చమత్కారచంద్రిక యను నలంకారగ్రంథమును వ్రాసి, లక్ష్యములన్నింటను సింగభూపాలుని స్తుతించినాడు. 1376లో మాదానాయకుడు శ్రీశైలమునకు ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరమున శాసనము వేయించెను. ఈ విధముగా జల్లిపల్లి నెత్తురారిన పదునైదేండ్లలోపల గురుశిష్య పరంపర, శాసనకవిత్వము, క్షేత్రసేవ అన్నియు నమరినవి.

అనపోతుని కొడుకు సింగభూపాలుడు. జల్లిపల్లిలో చచ్చిన సింగమనాయకుని మనుమడితడు, తాతపేరే పెట్టిరి. 14వ శతాబ్ది చివరిపాదమున నితడు రాజ్యము చేసెను. వింధ్యశ్రీశైలముల నడిమి దేశమును రాజాచలమునుండి యేలినట్లు తన గ్రంథమున చెప్పుకొన్నాడు. రసార్ణవసుధాకరముగాక కువలయావళి యను నాటిక యితనిది. శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరమునకు సంగీతసుధాకరమను వ్యాఖ్య యితనిదిగా ప్రసిద్ధము. సర్వజ్ఞ బిరుదు వట్టి ముఖస్తుతి కాదని గ్రంథము తెఱచినవారికి వెంటనే తెలియును.

రసార్ణవమున మూడు విలాసములు: రంజకోల్లాసము, రసికోల్లాసము, భావకోల్లాసము. నాయికానాయకులు, రీతివృత్తులు మొదటిదానియందు. భావములు, రసములు రెండవదానియందు. రూపకముల కట్టుబాటు మూడవదానియందు. మన పండితులకు దీనియం దెక్కువగా రుచించినది స్థాయిభావవిచారము. భోజరాజు రతి, హాసము మొదలగువానికి గర్వము, స్నేహము, ధృతి, మతి అను వానిని గూడ స్థాయులుగా చేర్చగా సింగభూపాలుడు వానిని ఒక్కొక్కదానినే పరీక్షించి త్రోసివేసెను. ధారాధీశుని పేరు విని జంకక, యుక్తి నిలువదని చెప్పి ముందునకు నడచిన యా తీరు శాస్త్రకారునికి తగినది. తానే శ్లోకములు కట్టి పెక్కుచోట్ల లక్ష్యముగా నిచ్చినాడు. రాజు వ్రాయించుకొన్న గ్రంథమే గాని రాజు వ్రాసినది కాదని గొణుగువారున్నారు. ఆ గొణుగుడు మన దేశమున ప్రతి రాజకవికిని తప్పనిదే. దానికి బలమైన సాక్ష్యము నాకు కనబడలేదు.

స్థాయు లెనిమిదే, రసములు నెనిమిదే యని యాతని సిద్ధాంతము. శాంతమునకు చోటు లేదు. దీనికి శాస్త్రకారణములు శాస్త్రమందే యున్నవి. భరతుని ప్రాచీనపాఠము, ధనంజయుని మార్గము నాతనికి దారి చూపినవి. కొండమీద శాంతి లేదు కావున గ్రంథమున శాంతము లేదని చెప్పుట చమత్కారమగును గాని చరిత్ర కాదు. నే నా మాట చెప్పను. నన్ను నిలిపివైచునది వేఱొకటి. భరతుడు రసముల పుట్టుకను చెప్పుచు, రౌద్రమునుండి కరుణము, బీభత్సమునుండి భయానకము పుట్టునని యన్నాడు. ఒకని క్రోధము మఱియొకని శోకమగును. ఒకచోటి జుగుప్స మఱియొకచోటి భయమగును. నాట్యశాస్త్రమున నింత లోతైన మాట తక్కువ. ఈ సూత్రమును ఎఱిగి, విభావానుభావములను వ్రేళ్ల మీద లెక్కించి, శోకమునకును మరణమునకును లక్షణములు చెప్పిన రాజునకు తండ్రి పినతండ్రుల బిరుదము వినబడినపుడు ఏమి తోచినది? గ్రంథాదిని వంశమును వర్ణించినపుడు పూర్వుల శౌర్యమును, దానమును, కీర్తిని కావ్యమర్యాదతో స్తుతించినాడు. అది సంస్కృతము, మెఱుగు పెట్టినది. తెలుగు భట్టుపద్యము మెఱుగు లేనిది. రెండు భాషలు, రెండు కొలువులు. రసమును అనుభవించుటకు లోకములోని శోకము సాధారణీకరణముచేత అలౌకికము కావలెనని శాస్త్రము. అది కావ్యమునకు సత్యమే. అయితే ఎవని గుమ్మమున శవము దింపబడినదో వానికి శోకము లౌకికముగానే యుండును. సాధారణీకరణము సహృదయునికి గాని హతునికి లేదు.

సింగభూపాలు నొక్కని పట్టుకొని యీ ప్రశ్న వేయుట న్యాయము కాదు. ఆతని నెదిరించినవారును చదువుకొన్నవారే. ఈ భాగమునకు మనకు ముఖ్యాధారము ఫెరిస్తా. ఈతడు 17వ శతాబ్ది తొలినాళ్ల బిజాపురమున కూర్చుండి వ్రాసినవాడు. రెండువందల యేండ్లకు పైబడిన సంగతులు చెప్పుచున్నాడు. అంకెలను పెంచుట యాతనికి వినోదము. వృత్తాంతమును గైకొని సంఖ్యలను సందేహించుచు చదువవలెను.

మొదట సంగీతము. గుల్బర్గా సుల్తాను మొదటి మహమ్మదుషా యొక పండుగనాడు ఢిల్లీనుండి వచ్చిన గాయకుల పాటకు పరవశుడై, వారికీయవలసిన సొమ్మును విజయనగరరాయల బొక్కసముపై హుండీ వ్రాయించెనట. పానగోష్ఠిలో తోచిన ఠీవి. తెల్లవారిన పిదపను దానిని మరలించుకొనలేదు. హుండీ తెచ్చినవానిని బుక్కరాయలు గాడిదపై నూరేగించి పంపెను. ముద్గల్లు కోటను పట్టి లోనివారిని హతమార్చెను. సుల్తాను లక్షమంది తలలు తీసినగాని కత్తి దింపనని ప్రతిన పూనెను. 1366, 1367 సంవత్సరములలో కృష్ణాతుంగభద్రల నడుమ నడచిన యా మారణము స్త్రీలనుగాని శిశువులనుగాని విడువలేదు. చివరకు రాయలవారి రాయబారులు నోరు చేసికొని, ఒకని తప్పునకు నిరాయుధులను చంపుట యే ధర్మమని యడుగగా సుల్తాను తలవంచి, ఇకమీదట యుద్ధము ముగిసిన పిమ్మట నెవ్వరిని చంపనని మాట యిచ్చి, తన వెనుకటివారిని గూడ దానికి బద్ధులను చేసెనని ఫెరిస్తా వ్రాసినాడు. పాటను మెచ్చుకొన్న చెవి యా రాయబారుల మాటను గూడ వినగలిగెను; కాని నడుమ నెన్ని యూళ్లు కాలినవో.

తరువాతివాడు రెండవ మహమ్మదుషా. 1378 మొదలు 1397 వరకు నేలెను. యుద్ధమునం దిష్టము లేనివాడు, విద్వత్ప్రియుడు. పారసీక మహాకవి హాఫిజును దక్కనునకు రావింపగోరెను. ఇతని కాలమున 1387 మొదలు కొన్నేండ్లు దక్కనున దారుణమైన కఱవు పట్టినది. మాళవ ఘూర్జరములనుండి ధాన్యము తెచ్చుటకు పదివేల యెద్దులను నియమించెననియు, గుల్బర్గా, బీదరు, కంధారు, ఎలిచ్‌పురము, దౌలతాబాదు, చౌలు, దాభోలు పట్టణములలో అనాథబాలురకు పాఠశాలలు పెట్టించెననియు ఫెరిస్తా చెప్పినాడు. సాలవారీగా చూచితిమా, రాచకొండ సింగభూపాలుని రాజ్యకాలమును ఈ కఱవుకాలమును ఒకదాని నొకటి తాకుచున్నవి. రసార్ణవము వ్రాయబడుచున్న దినములలో పడమటి జిల్లాలనుండి ఆకొన్నవారు మన మెట్టలమీదుగా కృష్ణదెసకు దిగి యుందురని యూహించుట అసంగతము కాదు. మెట్టకఱవున జనము నీటిదారి పట్టుట మన కండ్లు చూచినదే. ఆ పాఠశాలల పట్టికలో తెలుగువారి యూరొక్కటియు లేదు. అది పరరాజ్యము గదా.

మూడవవాడు ఫిరోజుషా. 1397 మొదలు 1422 వరకు గుల్బర్గాను ఏలిన యితనికి పెక్కు భాషలు వచ్చును. వారమునకు మూడునాళ్లు తానే కూర్చుండి విద్యార్థులకు రేఖాగణితము, తర్కము మొదలగునవి చెప్పెడివాడట. 1407లో దౌలతాబాదు చేరువ ఘట్టముపై నొక వేధశాలను కట్టింప మొదలిడెను. హకీము హసను గిలానీ యను జ్యోతిర్విదుడు చనిపోవుటచే అది సగములో నిలిచిపోయెను. ఈ గణితవిద్యానిధియే 1417 ప్రాంతమున పానుగల్లును ముట్టడించెను. ఇది పాలమూరు పానుగల్లు. నేడు వనపర్తి జిల్లాలో నున్నది. నల్లగొండను ఆనుకొని పచ్చల సోమేశ్వరాలయమున్న పానగల్లు వేఱు. పేరు కలియుటచే మన వ్యాసకర్తలు పలుమారు పొరబడినారు గనుక చెప్పవలసి వచ్చినది.

కొండమీది కోట. ముట్టడి రెండేండ్లు సాగెను. దండులో మహామారి పుట్టి మనుష్యులును గుఱ్ఱములును కుప్పలుగా పడిపోయిరి. 1420 ప్రాంతమున దేవరాయల సేన వచ్చి తాకగా ఫిరోజుషా ఓడి పారిపోయెను. గెలిచినవారు శత్రువుల తలలను యుద్ధభూమియందు దిబ్బగా పేర్చిరని ఫెరిస్తా చెప్పుచున్నాడు. 1367నాటి మాట యెక్కడ పోయినది? కొన్నేండ్లు తిరుగకముందే ఫిరోజు తమ్ముడు అహమ్మదుషా విజయనగర సీమలో దిగి, చచ్చినవారి లెక్క యిరువదివేలకు చేరినప్పుడెల్ల మూడునాళ్లు విడిది చేసి పండుగ జరిపెనని యదే గ్రంథమున నున్నది. ఆ సంఖ్యను నమ్మకున్నను ఆ లెక్కవ్రాతను గమనింపుడు. లెక్క యనునది వేధశాలకును వచ్చును, శవములకును వచ్చును.

కోటలలోని వారి సంగతి చరిత్రకారుడు వ్రాసినాడు. పానుగల్లు చుట్టు పల్లెల సంగతి యెవరును వ్రాయలేదు. దానిని మనము నేల స్వభావమునుబట్టి తీయవలెను. రెండేండ్లు నిలిచిన దండు తినినది ఎవరి జొన్న? గుఱ్ఱములు మేసినది ఎవరి చొప్ప? మెట్టపంటలో కుటుంబము తిని మిగిలెడి గింజ కొంచెము. విత్తనపు గింజ పోయినచో మరుసటి వానయు వ్యర్థము. రైతు ఊరు విడిచిన రెండవ యేట చెఱువు తెగును. చెఱువుకట్టకు ఏటేట మట్టి వేయవలెను, తూము పూడిక తీయవలెను, అలుగు రాళ్లు సరిదిద్దవలెను. ఆ పని చేయు చేతులు పోయిన పిదప నొక్క పెద్దవాన చాలును. గండిపడిన చెఱువు క్రింది మాగాణి మెట్ట యగును; మెట్ట బీడగును. సైన్యము వెడలిపోయినను దాని చేటు తరము దాటి నిలుచును. పాలమూరువారి వలసలకు కారణము నేలలోని పేదఱికమే యని తేల్చెడివారు ఈ రాజకీయకారణమును గూడ తమ లెక్కలో చేర్చుకొనవలెను.

రేచెర్ల రాజుల కీ విషయము తెలియదనుట యన్యాయము. కోటలను కట్టినట్లే చెఱువులను కట్టించిరి. అనపోతుని పేర నొక సముద్రము, మాధవుని రాణి నాగాంబిక త్రవ్వించిన నాగసముద్రము మనకు తెలిసినవి. నాగసముద్రపు శాసనమును చదివినపుడు, కత్తి పట్టని చేయి యొకటి యా వంశమున గూడ పని చేసినదని సంతోషము కలుగును. రసార్ణవమునకంటె ఆ కట్ట యెక్కువమందిని బ్రతికించినది. ఇట్లన్నందుకు నా యలంకారశాస్త్రగురువులు నన్ను మన్నింతురు గాక.

ఇది మన దేశపు దౌర్భాగ్యము మాత్రమే యని యెంచి, పాశ్చాత్యుల విద్యాపునరుజ్జీవనమును నిష్కళంకముగా తలచువారు మనలో పెక్కురు. వారు కెప్లరు చరిత్రము చూడవలెను. 1619లో ఆతడు లోకసామరస్యమునుగూర్చిన గ్రంథమును ప్రకటించెను. గ్రహముల దూరమునకును పరిభ్రమణకాలమునకును గల సంబంధమును నిర్ణయించిన సూత్ర మందే యున్నది. ఆ గ్రంథము వెలువడునాటికి ముప్పదియేండ్ల యుద్ధ మారంభమై యొక్క సంవత్సరమైనది. అంతకు ముందే, 1615లో, ఆతని ముదుసలి తల్లి కాథరీనాపై చేతబడి నేరము మోపిరి. 1620లో ఆమెను పట్టి సంకెలవేసిరి. గ్రహములకు సూత్రములు కట్టినవాడు పుస్తకములు ప్రక్కన పెట్టి, తల్లి మంత్రగత్తె కాదని న్యాయస్థానమున వాదింపవలసి వచ్చెను. పదునాలుగు నెలల చెఱ తరువాత 1621లో విడుదలయై, మరు సంవత్సరమే యామె మరణించెను. ఆమెను నిందించినవారు చదువురానివారు మాత్రమే కారు. న్యాయశాస్త్రము చదివినవారును వారిలో నుండిరి.

ఆ యుద్ధకాలముననే హాలండుదేశీయుడు గ్రోషియసు యుద్ధమునకును శాంతికిని చెల్లెడి ధర్మములనుగూర్చి 1625లో గొప్ప గ్రంథము రచించెను. అంతర్జాతీయన్యాయమునకు మూలపురుషుడని వా రాతనిని పూజింతురు. మన కృష్ణాతీరమున 1367లో నోటిమాటగా నడచిన ఒడంబడిక దానికి రెండువందలయేబది యేండ్లకు పైగా ముందటిది. గర్వించుటకు కాదు నేను చెప్పుచున్నది. మన మాట ఒడంబడికగా నిలువలేదు, వారి మాట గ్రంథమై నిలిచినది. నోటిమాటను అర్ధశతాబ్దిలో మఱచిన కొలువులలోనే రససూత్రముల కక్షరము తప్పకుండ వ్యాఖ్యలు నడచినవి. ఏ విషయమున శాస్త్రము వ్రాసికొందుము, ఏ విషయమున వ్రాసికొనము అనునది జాతి స్వభావమును తెలుపును. రాజనీతి గ్రంథములు మనకు లేకపోలేదు, ధర్మయుద్ధనియమములు స్మృతులయందున్నవి; కాని రాచకొండ, విజయనగర, గుల్బర్గా కొలువులలోని విద్వాంసు లెవ్వరును తాము చూచిన యుద్ధమును ముందుంచుకొని, ఇది తగునా యని ప్రశ్నించి గ్రంథము వ్రాసిన జాడ కనబడదు.

ఆ శోకమునకు నోరే లేకపోయినదా యనిన, ఉన్నది. అది వేఱుదారిని వచ్చినది. గౌరన యీ సీమవాడు. రేచెర్ల రాజులకడ మంత్రిత్వము నెరపిన వంశమువాడు. సంస్కృతమున లక్షణదీపిక వ్రాసిన శాస్త్రజ్ఞుడు. శ్రీశైలమున భిక్షావృత్తి మఠాధిపతి కోరిక మీద నవనాథచరిత్రమును, తెలుగు ద్విపదలో హరిశ్చంద్రోపాఖ్యానమును రచించెను. రాజ్యము పోగొట్టుకొన్న రాజు, అంగడిలో అమ్ముడుపోయిన యిల్లాలు, అప్పు వసూలునకు వెంటబడి వేధించు నక్షత్రకుడు, పాము కఱచి చచ్చిన బిడ్డ, కాటి కూలి చెల్లింపలేక బిడ్డ శవముతో నిలిచిన తల్లి: కథ పురాణమునాటిదే. కాని ముట్టడులు, దోపిళ్లు, పన్నుల వసూళ్లు చూచిన పల్లెలవారికి నక్షత్రకు డెవరో చెప్పనక్కఱలేదు. పండితుడు రసార్ణవమున కరుణమునకు లక్షణము చదివెను. పామరుడు ద్విపదలో కరుణమును పాడుకొనెను. గౌరన రెండువైపుల తెలిసినవాడై రెండవవైపు నెక్కువ వ్రాయుట నాకు ముచ్చటగా నుండును.

పోతన భాగవతమును రాజు భూమిలో పాతిపెట్టించెనని చెప్పెడి కథ చాటుకథ. దానిని చరిత్రగా గ్రహింపరాదు. భోగినీదండకము పోతనదా కాదా యను తగవు మన పత్రికలలో ఎన్నో పుటలను తినినది. ఐనను జనులు సర్వజ్ఞుడైన రాజుపై నట్టి కథను కట్టి యిన్ని వందల యేండ్లు మోసికొని వచ్చుట గమనింపదగినది. కొలువు తన్నుగూర్చి వంశావళిని వ్రాయించుకొనెను; జనులు కొలువునుగూర్చి తమ కథను తాము చెప్పుకొనిరి.

1458లో హుమాయూనుషా పంపిన బహమనీసేన దేవరకొండను ముట్టడించినది. కోటలోని లింగమనాయకుడు కళింగ గజపతి కపిలేంద్రుని సాయము కోరగా నా సేనలు వచ్చి బహమనీలను తఱిమినవి. 1460లో ఓరుగల్లు గజపతుల వశమైనది. కాపాడ వచ్చినవారు పోలేదు. పిదప కొన్నేండ్లకు రాచకొండ దేవరకొండలు రెండును బహమనీల పాలై, రేచెర్లవారు దక్షిణమునకు వలసపోయిరి. ఆ శాఖలోనివారే వెంకటగిరి ప్రభువులైన వెలుగోటివారు. వారితో భట్టుపద్యములును పోయినవి, రణముకుడుపు బిరుదులును పోయినవి.

ఇచ్చట మిగిలినవి గోడలు, చెఱువులు, శాసనములు. రాచకొండ నెక్కినవారికి సున్నము లేక పేర్చిన పెద్దబండల ద్వారములు కనబడును. వానిని మోసినవారి పేర్లు ఏ వంశావళిలోను లేవు. హైదరాబాదు లక్ష్మణరాయ పరిశోధకమండలివారు 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించి త్రోవ చూపిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘికచరిత్రను వ్రాసి, కావ్యములలో జనుల కూడుగుడ్డల నెట్లు వెదుకవలెనో నేర్పిరి. ఆ రెండుదారులు కలిసిన చోట చేయవలసిన పని యింకను చాల నున్నది. రేచెర్ల కాలపు చెఱువులలో నేవి యెప్పుడు తెగినవి, ఏవి తిరిగి కట్టబడినవి, దశబంధమాన్యము లెవరి కీయబడినవి అను వివరములను కట్టల మీది రాళ్లనుండి ఊరూర సేకరించి, ముట్టడుల సంవత్సరముల ప్రక్కన నుంచి చూచినచో పానుగల్లు చుట్టు పల్లెల సంగతి కొంత బయటపడును. పాఠశాలల పండితులు తమ యూరి కట్టమీది రాతిని అచ్చొత్తి పంపినచో పరిషత్తువారికి ఆ పని సులభమగును.